లినక్స్‌లో ఇంటి లెక్కలు: గ్నూక్యాషా, కేమైమనీనా, హోంబ్యాంకా?

మీకు చిట్టీ ఉందా? లినక్స్‌లో ఇంటి లెక్కలకు సాఫ్ట్‌వేర్ వెతుక్కునేవాళ్లు ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. చిట్టీ లేకపోతే హోమ్ లోనో, మ్యూచువల్ ఫండ్ సిప్‌నో, బంగారం మీద అప్పునో తలచుకోండి. వీటిలో ఒక్కటి ఉన్నా మీ లెక్క నెలవారీ ఖర్చుల జాబితాతో ఆగదు. ఆస్తి ఎంత, అప్పు ఎంత అన్నది కూడా తేలాలి. అక్కడే ఒంటిపద్దు సాఫ్ట్‌వేర్‌కీ జంటపద్దు సాఫ్ట్‌వేర్‌కీ దారులు వేరవుతాయి. ఒంటిపద్దు అంటే ప్రతి లావాదేవీని ఒకేచోట రాయడం, జంటపద్దు అంటే సొమ్ము ఎక్కడి నుంచి పోయింది, ఎక్కడికి చేరింది అన్న రెండూ సరితూగేలా రాయడం. గ్నూక్యాష్, కేమైమనీ జంటపద్దువి, హోంబ్యాంకు ఒంటిపద్దుది.

ఒక చిట్టీనే తీసుకుని చూద్దాం. 5 లక్షల చిట్టీ, 50 మంది సభ్యులు, 50 నెలలు, నెలకు 10,000. ఈ నెల పాట లక్ష దగ్గర ఆగింది. అందులో కంపెనీ కమిషన్ 5 శాతం, అంటే 25,000 పోగా మిగిలిన 75,000 యాభై మందికీ పంచితే తలా 1,500 డివిడెండ్. మీరు బ్యాంకు నుంచి కట్టేది 8,500. (కమిషన్ గరిష్ఠ పరిమితిని 2019 చట్ట సవరణతో 7 శాతానికి పెంచారు. మీ చిట్టీ ఒప్పందంలో ఎంత రాశారో చూసుకోండి.)

దీన్ని "చిట్టీ ఖర్చు 8,500" అని రాసేస్తే రెండు తప్పులు. అది ఖర్చు కాదు, మీరు దాచుకున్న సొమ్ము. పైగా దాచింది 8,500 కాదు, 10,000. సరైన పద్దు మూడు ముక్కలు: చిట్టీ అనే ఆస్తి ఖాతాలో 10,000 పెరగాలి, బ్యాంకులో 8,500 తగ్గాలి, డివిడెండ్ ఆదాయం కింద 1,500 రావాలి.

ఇప్పుడు 12వ నెలలో 1,25,000 తగ్గింపుకు మీరే పాడుకుని చిట్టీ ఎత్తారనుకుందాం. ఆ నెల వాయిదాతో కలిపి చిట్టీ ఖాతాలో 1,20,000 ఉంది. బ్యాంకులోకి 3,75,000 వచ్చింది, పాటలో పోయిన 1,25,000 ఖర్చు, చిట్టీ ఖాతా నుంచి 5,00,000 తీశారు. ఖాతా నిల్వ మైనస్ 3,80,000కి దిగింది. ఇంకా కట్టాల్సినవి 38 వాయిదాలు, ఒక్కొక్కటి 10,000. సరిగ్గా 3,80,000. నిన్నటిదాకా ఆస్తిగా ఉన్న ఖాతా ఇవాళ్టి నుంచి అప్పు, 50వ నెల చివర సున్నా. ఆ సున్నా రాకపోతే మధ్యలో ఎక్కడో డివిడెండ్ రాయడం మరిచిపోయారన్నమాట.

గ్నూక్యాష్‌లోనూ కేమైమనీలోనూ ఈ మూడు ముక్కలూ ఒకే పద్దులో పడతాయి. పద్దును విడగొట్టి ఒక వరుసలో ఖాతా, మరో వరుసలో ఆదాయపు కేటగిరీ పెట్టుకోవచ్చు. హోంబ్యాంకులో సులువైన దారి రెండు పద్దులు: 8,500 బ్యాంకు నుంచి చిట్టీ ఖాతాకు బదిలీ, తర్వాత చిట్టీ ఖాతాలోనే 1,500 ఆదాయం. అంకె చివరికి ఒకటే వస్తుంది. కాకపోతే రెండో పద్దు మరిచిపోతే హోంబ్యాంకు ఏమీ అనదు. గ్నూక్యాష్‌లో పద్దు సరితూగకపోతే ఆ తేడా ఇంబ్యాలెన్స్-ఐఎన్ఆర్ అనే ఖాతాలోకి వెళ్లి కూర్చుంటుంది, మీరు తేల్చేదాకా కదలదు. కొత్తవాళ్లకు అదో తలనొప్పిలా కనిపిస్తుంది గానీ జంటపద్దు ఇచ్చే కాపలా అదే.

కాబట్టి మొదటి వడపోత సులువే. జీతం, అద్దె, కిరాణా, కరెంటు బిల్లు, క్రెడిట్ కార్డు, ఇంతే అయితే హోంబ్యాంకు చాలు. అరగంటలో చేతికి వస్తుంది, తేలిగ్గా నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా మొరాయించదు. పెట్రోలు పద్దులో మీటరు రీడింగు, లీటర్లు ఒక పద్ధతిలో రాస్తే బండి ఖర్చు, మైలేజీ లెక్కగట్టే నివేదిక కూడా ఉంది. అయితే షేర్లు, ఫండ్ యూనిట్ల లెక్క దాని పని కాదు.

బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గరే అసలు పరీక్ష

బ్యాంకుతో నేరుగా కలిసిపోయే సాఫ్ట్‌వేర్ కోసం వెతికి టైం పాడు చేసుకోకండి. మీ అనుమతితో బ్యాంకు సమాచారాన్ని వేరే సంస్థలకు చేరవేసే అకౌంట్ అగ్రిగేటర్ వ్యవస్థ మన దగ్గర 2021 నుంచి నడుస్తోంది. కానీ దాని ద్వారా సమాచారం అందుకునే హక్కు రిజర్వు బ్యాంకు, సెబీ లాంటి నియంత్రణ సంస్థల కింద ఉన్న సంస్థలకే. మీ ల్యాప్‌టాప్‌లోని గ్నూక్యాష్‌కు ఆ తలుపు తెరుచుకోదు. యాక్చువల్ బడ్జెట్ లాంటి బడ్జెట్ సాఫ్ట్‌వేర్లు గొప్పగా చెప్పుకునే బ్యాంకు అనుసంధానం యూరప్, అమెరికా బ్యాంకుల కోసం పెట్టింది. మనకు మిగిలింది స్టేట్‌మెంటు దించుకుని దిగుమతి చేసుకోవడమే.

ఆ ఫైళ్లు ఎలా ఉంటాయో తెలిసిందే. ఎక్సెల్ అని పేరు పెట్టిన ఫైలు తెరిస్తే లోపల ట్యాబులతో విడగొట్టిన మామూలు టెక్స్ట్ ఉంటుంది. పైన ఇరవై వరుసల చిరునామా, కింద "ఇది కంప్యూటర్ తయారుచేసిన పత్రం" అనే ముగింపు. తీసిన సొమ్ముకు ఒక కాలమ్, జమకు మరొకటి. అంకెల్లో లక్షల కామాలు. దేన్ని ఎంచుకున్నా ముందు లిబ్రెఆఫీస్ కాల్క్‌లో శుభ్రం చేయాల్సిందే. తెరిచేటప్పుడు వచ్చే దిగుమతి కిటికీలో తేదీ కాలమ్‌ను రోజు-నెల-సంవత్సరం క్రమానికి, రిఫరెన్స్ నంబరు కాలమ్‌ను టెక్స్ట్‌కు మార్చండి. ఈ రెండూ మరిచిపోతే ఏప్రిల్ 3 కాస్తా మార్చి 4 అయిపోతుంది, నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. తేదీ తప్పు మరీ మోసకారి: 12వ తారీఖు దాకా అంతా బాగానే ఉన్నట్టు కనిపించి, 13 నుంచి పద్దులు కనిపించకుండా పోతాయి.

ఇక్కడి నుంచి ఒక్కోదాని తీరు వేరు.

హోంబ్యాంకు అడిగేది ఒకే ఒక్క అచ్చు: సెమికోలన్లతో విడగొట్టిన ఎనిమిది కాలమ్‌లు, ఇదే వరుసలో: తేదీ, చెల్లింపు రకం, నంబరు, ఎవరికి, వివరం, మొత్తం, కేటగిరీ, ట్యాగులు. మొత్తానికి ఒకే కాలమ్, ఖర్చయితే మైనస్. కాబట్టి కాల్క్‌లో జమ కాలమ్ నుంచి తీత కాలమ్‌ను తీసేసే సూత్రం రాసి కొత్త కాలమ్ తయారు చేసుకోవాలి. ఒకసారి మూస ఫైలు చేసి పెట్టుకుంటే నెలనెలా ఐదు నిమిషాల పని.

కేమైమనీ ఈ విషయంలో మనకు బాగా నప్పుతుంది. తీతకు, జమకు వేర్వేరు కాలమ్‌లు చూపించవచ్చు, పైన ఎన్ని వరుసలు, కింద ఎన్ని వరుసలు వదిలేయాలో చెప్పవచ్చు. ఆ అమరికను బ్యాంకు పేరుతో ప్రొఫైల్‌గా దాచుకుంటే మరుసటి నెల అడగదు. చెల్లింపు అందుకున్నవాళ్ల జాబితాలో ఒక్కొక్కరికీ గుర్తింపు మాటలు, అలవాటు కేటగిరీ పెట్టుకోవచ్చు. పాలవాడి యూపీఐ ఐడీలోని ఒక ముక్కను గుర్తుగా ఇస్తే చాలు, ఆ వరుస వచ్చినప్పుడల్లా పాల ఖర్చులో పడుతుంది.

గ్నూక్యాష్ కూడా ప్రొఫైళ్లు దాచుకుంటుంది. 5వ వెర్షన్లలో జమ కాలమ్‌కు "అమౌంట్" అనీ, తీత కాలమ్‌కు "అమౌంట్ (నెగేటెడ్)" అనీ పెట్టాలి. రెండింటికీ అమౌంట్ అనే పెడితే ఖర్చులన్నీ జమలై, నిల్వ చూసుకుని సంబరపడాల్సి వస్తుంది. అంకెల రూపం దగ్గర దశాంశానికి చుక్క ఉన్నదాన్ని ఎంచుకోండి.

గ్నూక్యాష్‌లో యూపీఐ పద్దులు ఎన్ని నెలలైనా నేర్చుకోవడం లేదని చాలామంది వాపోతారు. దానికి కారణం ఉంది. పాత పద్దుల వివరంలోని మాటలను గుర్తుపెట్టుకుని, కొత్త పద్దు ఏ ఖాతాకు చెందుతుందో అది బేయెస్ అనే సంభావ్యత పద్ధతిలో అంచనా వేస్తుంది. మాటలను అది విడగొట్టేది ఖాళీల దగ్గర. మన యూపీఐ వివరం "యూపీఐ/డీఆర్/412345678901/రాముకిరాణా/..." అన్నట్టు గీతలతో అతుక్కుని ఉంటుంది. మధ్యలో 12 అంకెల నంబరు ప్రతిసారీ మారుతుంది. దాంతో ఆ గొలుసు గ్నూక్యాష్ దృష్టిలో ఎప్పుడూ చూడని ఒకే ఒక్క మాట. కాల్క్‌లో వెతుకు-మార్చు తెరిచి వాలుగీత స్థానంలో ఖాళీ పెట్టండి. నంబరు విడిపోతుంది, "రాముకిరాణా" విడి మాటవుతుంది. రెండు మూడు నెలల దిగుమతుల్లోనే సగానికి పైగా వరుసలు వాటంతట అవే సర్దుకోవడం మొదలవుతుంది. ఖాతాల పేర్లను తర్వాత మార్చినా నేర్చుకున్నది పోదు. ఖాతాను తీసేస్తే మాత్రం పోతుంది.

సిప్, షేర్లు, హోమ్ లోను

మ్యూచువల్ ఫండ్ల విషయంలో గ్నూక్యాష్ ముందుంటుంది, కారణం ఫైనాన్స్ కోట్ అనే పెర్ల్ మాడ్యూల్, అంటే ధరలను ఇంటర్నెట్ నుంచి తెచ్చిపెట్టే తోడు ప్రోగ్రాం. ఇందులో భారతీయ మ్యూచువల్ ఫండ్ల కోసం ప్రత్యేక మూలం ఉంది. మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘమైన యాంఫీ రోజూ విడుదల చేసే ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ విలువ) ఫైలు నుంచి ధర తెస్తుంది. సెక్యూరిటీ (గ్నూక్యాష్‌లో ఫండ్‌కు, షేరుకు వాడే పేరు) వివరాల్లో గుర్తు దగ్గర ఫండ్ పేరు కాకుండా యాంఫీ స్కీమ్ కోడ్ అంకెలు రాయాలి. మూలం దగ్గర ఇండియా మ్యూచువల్ ఎంచుకోవాలి. డైరెక్ట్, రెగ్యులర్, గ్రోత్ దేనికదే వేరే కోడ్, తప్పు కోడ్ పెడితే ధర కొద్దిగా తేడాతో వస్తుంది కాబట్టి వెంటనే దొరకదు. ధర అసలే రాకపోతే ముందు ఆ మాడ్యూల్ ఉందో లేదో చూడండి. డెబియన్, ఉబుంటులో అది విడి ప్యాకేజీ.

ఇంకో చిన్న గడి దగ్గర చాలామంది జారిపడతారు: యూనిట్ల భిన్నం. ఫండ్ యూనిట్లు మూడు దశాంశాల దాకా వస్తాయి కాబట్టి అక్కడ వెయ్యో వంతు పెట్టాలి. షేర్లకు పెట్టినట్టు ఒకటి అని వదిలేస్తే 99.995 యూనిట్లు గుండ్రంగా 100 అయిపోతాయి. ఆ అంకె ఎక్కడిదంటే, 5,000 సిప్ కడితే 2020 జులై నుంచి 0.005 శాతం స్టాంపు డ్యూటీ పోతుంది, అంటే 25 పైసలు. ఫండులో పడేది 4,999.75. ఎన్‌ఏవీ 50 అయితే 99.995 యూనిట్లు. పావలా కదా అని వదిలేయకండి. దాన్ని స్టాంపు డ్యూటీ అనే ఖర్చు ఖాతాలో వేస్తేనే ఫండ్ స్టేట్‌మెంటుతో లెక్క టాలీ అవుతుంది.

కేమైమనీలోనూ పెట్టుబడి ఖాతాలున్నాయి, ధరలు తెచ్చుకునే మూలాలను మీరే రాసుకోవచ్చు. కాకపోతే వెబ్ పేజీలో ధర ఎక్కడుందో నమూనా రాయడం వచ్చి ఉండాలి, ఆ పేజీ మారినప్పుడల్లా సరిచేసుకోవాలి. నాలుగైదు ఫండ్లు ఉన్నవాళ్లు నెలకోసారి ధర చేత్తో కొట్టుకుంటే సరిపోతుంది. పాతిక ఫండ్లు, షేర్లు ఉంటే గ్నూక్యాష్‌కే ఓటు.

హోమ్ లోను దగ్గర మాత్రం కేమైమనీది పైచేయి. 30 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 26,035. మొదటి నెల అందులో వడ్డీయే 21,250, అసలుకు పోయేది 4,785. గ్నూక్యాష్‌లోని లోను సహాయకుడు ఈ విభజనను చక్కగా చేసిపెడుతుంది, వడ్డీ మారనంతకాలం. మన లోన్లలో ఎక్కువ భాగం రిజర్వు బ్యాంకు రెపో రేటుతో పాటు కదిలేవే. రేటు మారిన మరుక్షణం సూత్రం తప్పుతుంది. మారే వడ్డీని కేమైమనీ లోను ఖాతా మొదటినుంచే అంగీకరిస్తుంది. గ్నూక్యాష్‌లోనే ఉంటామంటే ఈఎంఐని మాత్రమే నెలవారీ పద్దుగా పెట్టుకుని, వడ్డీ-అసలు విభజనను బ్యాంకు లోను స్టేట్‌మెంటు చూసి మూడు నెలలకోసారి దిద్దుకోండి. పాత పన్ను విధానంలో వడ్డీ మినహాయింపు అడిగేవాళ్లకు ఎలాగూ బ్యాంకు సర్టిఫికెట్ అంకెలే కావాలి.

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుందని కేమైమనీకి, హోంబ్యాంకుకు, మనీ మేనేజర్ ఈఎక్స్ అనే మరో ఒంటిపద్దు సాఫ్ట్‌వేర్‌కు సెట్టింగుల్లో ఒకసారి చెబితే చాలు. గ్నూక్యాష్‌లో లెక్కల కాలానికి ఖచ్చితమైన తేదీలు ఇస్తే ఏటా మార్చుకోవాలి. ఏప్రిల్ మొదటి వారంలో నివేదికలు ఖాళీగా కనిపిస్తే కంగారు పడకుండా అక్కడ చూడండి.

టెక్స్ట్ ఫైలే ఆవర్జా అయితే

కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు లెడ్జర్, హెచ్‌లెడ్జర్, బీన్‌కౌంట్ అనే మరో వంశం ఉంది. లెక్కలన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాస్తారు, ప్రోగ్రాం చదివి నివేదిక ఇస్తుంది. పైన చెప్పిన చిట్టీ వాయిదా హెచ్‌లెడ్జర్‌లో ఇలా ఉంటుంది:

2025-06-10 చిట్టీ వాయిదా
    ఆస్తులు:చిట్టీ    ₹10,000.00
    ఆదాయం:చిట్టీ డివిడెండ్    ₹-1,500.00
    ఆస్తులు:బ్యాంకు

చివరి వరుసలో అంకె రాయనక్కర్లేదు, మైనస్ 8,500 అదే వేసుకుంటుంది. ఖాతా పేరుకూ అంకెకూ మధ్య కనీసం రెండు ఖాళీలు ఉండాలి. ఒక్కటే ఉంటే అంకె కూడా ఖాతా పేరులో భాగమైపోతుంది, కొత్తవాళ్ల తప్పుల్లో సగం ఇదే. లక్షలు, కోట్ల కామాలు హెచ్‌లెడ్జర్‌కు బాగా తెలుసు. తెలుగులో ఖాతాల పేర్లు పెట్టుకోవచ్చు. అయితే ఏది ఆస్తి, ఏది అప్పు అన్నది అది ఇంగ్లిష్ పేర్లను బట్టే పోల్చుకుంటుంది. తెలుగు పేర్లు పెడితే ప్రతి పెద్ద ఖాతాకూ ఫైలు మొదట్లో రకం ప్రకటించాలి, లేకపోతే ఆస్తి-అప్పుల పట్టీ ఖాళీగా వస్తుంది. టెర్మినల్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాల వెడల్పు సరిగా లెక్కకు రాక కాలమ్‌లు వంకరపోతాయి, ఇది మాత్రం భరించాల్సిందే. ఏడాది నివేదిక అడిగేటప్పుడు ముగింపు తేదీ లెక్కలోకి రాదు, అందుకని 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 ఏప్రిల్ 1 దాకా అని ఇవ్వాలి. మార్చి 31 అని ఇస్తే ఆ చివరి రోజు పడే వడ్డీ జమలు జారిపోతాయి.

ఈ ఫైలును మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెట్టుకోవచ్చు, ముప్పై ఏళ్ల తర్వాతైనా ఏ ఎడిటర్‌తోనైనా తెరవొచ్చు. ఇంట్లో ఇంకొకరు కూడా లెక్కలు రాస్తారంటే మాత్రం ఈ దారి వద్దు.

ఫోను, ఇంట్లో ఇద్దరు, విదేశంలో ఒకరు

సంతలో కూరగాయలు కొంటూ ఫోన్లోనే రాసుకోవాలనుకునేవాళ్లకు మనీ మేనేజర్ ఈఎక్స్ నప్పుతుంది. దానికి ఆండ్రాయిడ్ యాప్ ఉంది, ఫోనూ ల్యాప్‌టాపూ ఒకే రకం ఫైలును చదువుతాయి. జంటపద్దు మాత్రం కాదు.

భార్యాభర్తలిద్దరూ ఒకే లెక్కలో రాయాలంటే ఫైర్‌ఫ్లై త్రీ (బ్రౌజర్లో వాడే లెక్కల సాఫ్ట్‌వేర్) గానీ పైన చెప్పిన యాక్చువల్ బడ్జెట్ గానీ ఇంట్లో చిన్న సర్వరు మీద పెట్టుకోవాలి. జీతం రాగానే అద్దెకింత, ఫీజుకింత అని కవర్లలో సర్దే అలవాటుంటే యాక్చువల్ వైపు మొగ్గండి. సర్వరు నడపడం, అప్‌డేట్లు, బ్యాకప్పులు మీ నెత్తిన పడతాయి, అది ఇష్టమైతేనే. గ్నూక్యాష్‌ను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెట్టవచ్చు కదా, ఇద్దరూ వాడొచ్చు కదా అనుకోవద్దు. డేటాబేస్‌లో ఉన్నా అది ఒక్కరి కోసం రాసిందే, తెరవగానే లెక్కంతా మెమరీలోకి లాక్కుంటుంది.

అమెరికాలో ఉంటూ ఇక్కడ ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలు నడిపే తెలుగువాళ్లకు గ్నూక్యాష్ తప్ప వేరేది సూచించడం కష్టం. ఒకే ఫైల్లో డాలర్లూ రూపాయలూ నడుస్తాయి, ట్రేడింగ్ ఖాతాలు (షేర్లవి కాదు, కరెన్సీ మార్పిడి లెక్కకు) ఆన్ చేస్తే మారకపు లాభనష్టాలు విడిగా తేలుతాయి. విదేశీ ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి దాఖలు చేయాల్సిన ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక)లో ఒక్కో ఖాతా గరిష్ఠ నిల్వ అడుగుతారు. గ్నూక్యాష్‌లోని సగటు నిల్వ నివేదికలో గరిష్ఠం, కనిష్ఠం కూడా వస్తాయి. ఖాతాను రూపాయల్లోనే చూసి, డిసెంబరు 31 నాటి అమెరికా ట్రెజరీ రేటుతో మార్చుకోవాలి.

చిన్న వ్యాపారం, జీఎస్టీ ఉన్నవాళ్లకు ఒక మాట: పైవేవీ జీఎస్టీ రిటర్నులు తయారు చేసేవి కావు.

ఎక్కించే ముందు, దిగిపోయేటప్పుడు

డిస్ట్రో వాళ్లిచ్చే వెర్షన్ పాతదైతే ఏ డిస్ట్రోలోనైనా నడిచే ఫ్లాట్‌ప్యాక్ ప్యాకేజీలు దొరికే ఫ్లాట్‌హబ్ నుంచి తీసుకోండి. కానీ ఒక కంప్యూటర్లో ఫ్లాట్‌ప్యాక్, ఇంకో దాంట్లో డెబియన్ ప్యాకేజీ పెట్టి ఒకే ఫైలును రెండింటా తెరవకండి. కొత్త వెర్షన్ రాసిన ఫైలును పాతది తెరవనని మొండికేయవచ్చు. సింక్‌థింగ్‌తో ఫైలు పంచుకునేవాళ్లు ఒకచోట మూసి, సింక్ పూర్తయ్యాకే రెండోచోట తెరవాలి. లేకపోతే ఒకే నెలకు రెండు వేర్వేరు ఫైళ్లు మిగులుతాయి, కలపడానికి దారి లేదు.

గ్నూక్యాష్ ఫైలును ప్రత్యేక ఫోల్డరులో పెట్టండి. తేదీలు తగిలించిన బ్యాకప్పులను, లాగ్‌లను పక్కనే రాస్తూ పోతుంది. అలవాటుగా 30 రోజులు ఉంచుతుంది, డెస్క్‌టాప్ మీద పెడితే తెర నిండిపోతుంది. దానికి సొంతంగా పాస్‌వర్డు రక్షణ లేదు, డిస్కునే ఎన్‌క్రిప్ట్ చేసుకోవాలి. కేమైమనీ ఫైలుకు జీపీజీ తాళం (ఎన్‌క్రిప్షన్) వేయొచ్చు. తాళంచెవిని వేరే పెన్‌డ్రైవ్‌లో దాచకపోతే డిస్కు పోయిన రోజు బ్యాకప్పు ఉన్నా తెరుచుకోదు.

మనసు మారితే కేమైమనీ గ్నూక్యాష్ ఫైలును నేరుగా చదవగలదు. హోంబ్యాంకు క్యూఐఎఫ్ అనే లెక్కల ఫైలు రూపంలో బయటికి ఇస్తుంది, గ్నూక్యాష్ దాన్ని తీసుకుంటుంది. గ్నూక్యాష్ మాత్రం క్యూఐఎఫ్ ఇవ్వదు, సీఎస్‌వీ (కామాలతో విడగొట్టిన టెక్స్ట్) ఇస్తుంది. ఒంటిపద్దు నుంచి జంటపద్దుకు వచ్చేటప్పుడు బదిలీలు రెండుసార్లు పడటం మామూలు గొడవ. బ్యాంకు నుంచి కార్డుకు కట్టిన బిల్లు రెండు ఖాతాల్లోంచీ రెండు పద్దులుగా వస్తుంది. అందుకని పదేళ్ల చరిత్రంతా మోసుకురావడం కన్నా ఏప్రిల్ 1 నాటి నిల్వలను ప్రారంభ నిల్వలుగా వేసి, పాత ఫైలును చూసుకోవడానికి అలాగే ఉంచండి. చిట్టీ ఇప్పటికే ఎత్తి ఉంటే దాని ప్రారంభ నిల్వ మిగిలిన వాయిదాల సంఖ్యను 10,000తో గుణించిన అంకె, ముందు మైనస్ గుర్తుతో.